మనిషికో సగం బ్లేడు

ఫిబ్రవరి 11

అక్కకి,

ఇది జైలువాళ్ళు ఇచ్చిన కాగితం. నెలకు రెండు ఇస్తారు, వెనకా ముందూ రాసుకోవచ్చు. మొదటిది నీకు రాస్తున్నాను. రెండోది ఎవరికి రాయాలో ఇంకా తేలలేదు.

తీర్పు రోజున నువ్వు వెనక బెంచీలో ఉన్నావు, జడ్జిగారి గొంతు అక్కడిదాకా వచ్చిందో లేదో. మన వీధిలో మెడలో లావుపాటి గొలుసుతో తిరిగే ఆ గొలుసుగాడి దవడ కోసినందుకు ఏడేళ్ళు. వాడి డ్రైవరు పొట్ట చీల్చినందుకు అయిదు. మన క్షవరం దుకాణంలో పక్క కుర్చీలో గడ్డానికి నురగ పట్టించుకుని కూర్చున్న లెక్కల మాస్టారి చెయ్యీ చెంపా తెగ్గోసినందుకు నాలుగు. ఒకటి అయిపోయాక ఇంకొకటి మొదలవుతుంది. కలిపితే పదహారు.

"ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య బ్లేడు మార్చుకునే తీరిక ఉన్నవాడికి ఆగే తీరిక కూడా ఉంటుంది. ఈ మూడింటినీ కలిపే కారణం ఒక్కటీ నాకు కనపడలేదు. ఇవి మూడు వేర్వేరు నేరాలు" అన్నారు ఆయన. పోలీసులు బల్ల మీద పెట్టిన గాజు సీసా చూశావు కదా. నెత్తురు ఎండిన సగం బ్లేడ్లు రెండు మన పాత బ్లేడ్ల డబ్బాలోవి, మూడోది కత్తికే ఉండిపోయింది.

అది విన్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు. "మనిషికో సగం. ఒకడికి పెట్టిన బ్లేడు ఇంకొకడికి పెట్టావో, చెయ్యి విరగ్గొడతా" అనేదానివి. కోర్టులో నవ్వొచ్చింది. నవ్వినందుకు వ్యాన్ ఎక్కించాక కానిస్టేబుల్ లాఠీ పిడితో డొక్కలో పొడిచాడు. రెండు రోజులు ఉచ్చ ఎర్రగా పోశాను. ఇప్పుడు తగ్గింది.

అప్పీలు వద్దు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం. షట్టరు తీసేటప్పుడూ దించేటప్పుడూ ఎవర్నైనా సాయం పిలువు, ఒక్కదానివే తంటాలు పడకు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 19

ఒరేయ్ చిన్నోడా,

కోడి కెలికినట్టుందని నవ్వకు, ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడిచేతి మూడు వేళ్ళూ ఇంకా కొయ్యముక్కల్లాగే ఉన్నాయి, చెంచా కూడా పట్టవు. డాక్టరు రోజూ వేడినీళ్ళలో పెట్టి వంచమంటాడు. వంచుతూనే ఉన్నాను. నీలాగే అవీ నా మాట వినవు.

అప్పీలు వద్దా. ఎవరిచ్చారు నీకా సలహా. పదహారేళ్ళకు నీకు యాభై వస్తాయి, నాకు అరవై. అప్పుడు బయటికొచ్చి ఎవరికి గడ్డం గీస్తావు, నాకా.

కాలికి బలపం కట్టుకుని తిరిగి ఒక ప్లీడరమ్మను పట్టాను. మనిషి పొట్టి, మాట పొడుగు. మొదటినుంచీ చెప్పమంది, చెప్పాను. ముందటేడు వానాకాలంలో గొలుసుగాడు తన గోడౌను గేటు వెడల్పు చేసుకోవడానికి మన దుకాణం ఖాళీ చేయమని మీదికి రావడం, నన్ను గుమ్మంలోంచి నెట్టడం, షట్టరు నా వేళ్ళ మీద పడటం. వాడే లాగాడని మనిద్దరం పోలీసులకు రాసివ్వడం. వాడు నలభై రోజులు లోపలుండి, బెయిలు మీద వచ్చిన మర్నాడే డ్రైవర్ని వెంటేసుకొచ్చి మన కుర్చీలోనే కూర్చోవడం. ఆ పూట నేను ఆసుపత్రిలో ఉన్నాను, తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గర పోలీసులు అడ్డుపడ్డారు. లోపలి నేల మాత్రం కనపడింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. నువ్వు నేరం చేయలేదని మనం అనడం లేదు. శిక్ష ఎక్కువైందంటున్నాం. మూడూ ఒకేసారి నడిస్తే అయిదూ నాలుగూ ఆ ఏడులోనే కరిగిపోతాయి, ఏడేళ్ళతో బయటపడతావు. దానికి మూడూ ఒక్క ఊపులో జరిగాయని చూపించాలి. అడ్డం వస్తున్నది ఆ బ్లేడు మార్చడం ఒక్కటే.

"అది ఆలోచించి చేసింది కాదు, చేతి అలవాటు అని చెప్పగలరా?" అని అడిగింది. నేను కాకపోతే ఎవరు చెప్తారు. గాలిబుడగ ఊది, దాని మీద నురగ రాసి, పగలకుండా గీయించింది నేను కాదూ. పగిలితే ఒక మొట్టికాయ, పగలకపోయినా బ్లేడు మార్చడం మరిచిపోతే రెండు. ఆ రెండు మొట్టికాయలకే నువ్వు పదహారేళ్ళు ఉండాలా అని అడుగుతాను పై కోర్టును.

ఇంకో సంగతి. మొన్న గురువారం మధ్యాహ్నం గొలుసుగాడి తమ్ముడు ఇద్దర్ని తీసుకుని వచ్చాడు. ఒకడు కుర్చీ కాళ్ళపీట ఊడబెరికి అద్దాలు పగలగొట్టడం మొదలుపెట్టాడు. నేను అడ్డం వెళ్తే జుట్టు పట్టుకుని నా మొహాన్ని చేతులు కడుక్కునే తొట్టికేసి బాదాడు. రెండు పళ్ళు పోయాయి, కింద వరసవి, బయటికి కనపడవులే. నేనూ ఊరుకోలేదు. స్టవ్ మీద మరుగుతున్న నీళ్ళగిన్నె ఎత్తి వాడి మెడ మీద కుమ్మరించాను. తోలు లేచొచ్చింది. వీధి చివరిదాకా అరుచుకుంటూనే పోయాడు. మూడు అద్దాలు పోయి ఒక్కటి మిగిలింది. నీళ్ళ సంగతి ప్లీడరమ్మకు చెప్పలేదు, నువ్వూ ఎక్కడా అనకు.

నోరు మూసుకుని సంతకం పెట్టేవాడిలా ఉండు.

అక్క


మార్చి 3

అక్కకి,

నీ పళ్ళ సంగతి చదివాక రెండు పూటలు ముద్ద దిగలేదు. మళ్ళీ చదువుతూ మరిగే నీళ్ళ దగ్గరికి వచ్చాక కాస్త తిన్నాను.

నన్ను ఇక్కడ క్షవరం పనిలో వేశారు. కత్తి ఇవ్వరు. కరెంటు మిషను ఇస్తారు, అదీ తాడుతో గోడకు కట్టేసి. మొదటి వారం ఒక్కడూ కూర్చోలేదు, "ముగ్గుర్ని కోసినోడికి నా పీక అప్పగిస్తానా" అనేవాళ్ళు. ఇప్పుడు వరస కడుతున్నారు. మనిషి మారినప్పుడల్లా మిషను పళ్ళు స్పిరిటు గుడ్డతో తుడుస్తాను. అది చూసి ఒకడు, "చూడండ్రా వీడి తీరిక" అన్నాడు. అంతే, అదే నా పేరైపోయింది. హాజరు పిలిచే జమేదారు కూడా "తీరిక ఎక్కడ" అంటున్నాడు.

మొన్న నా కుర్చీలో ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయనకూ పక్క గది వాడికీ ఏదో పాత పగ. నేను మెడ వెనక దిద్దుతుంటే వాడు వెనకనుంచి వచ్చి, తువ్వాలులో తాళంకప్ప చుట్టి నెత్తి మీద కొట్టాడు. బుర్ర చిట్లి తెల్లగా ఎముక కనపడింది. నేనేం చేశానో తెలుసా. మిషను ఆపాను, పళ్ళు తుడిచాను, మేకుకు తగిలించాను. అప్పుడు వాణ్ణి పట్టుకున్నాను. ఈలోగా రెండో దెబ్బ పడింది. ఆ ముసలాయన ఇప్పుడు తన కొడుకు పేరు కూడా చెప్పలేడు. తుడవకుండా ముందే పట్టుకుని ఉంటే ఆ రెండోది పడేది కాదు.

అలవాటు అనే మాట అబద్ధమేమీ కాదు మరి. మీ ప్లీడరమ్మ కావాలంటే రాసుకోమను. నా చేత మాత్రం సంతకం పెట్టించకు.

మాస్టారు దుకాణానికి వస్తున్నాడా. ఆ రోజు గురించి నీతో ఏమైనా అన్నాడా. ఆయన ఏమన్నా సరే, అన్నది అన్నట్టుగా నాకు రాయి. ఒక్క మాట కూడా వదిలిపెట్టకు.

నీ తమ్ముడు


మార్చి 12

తమ్ముడికి,

కోపంగా ఉన్నాను కాబట్టి చిన్నోడా అని పిలవడం లేదు.

మాస్టారు ఏమన్నాడో అన్నది అన్నట్టు రాయాలా. ఎందుకు. మళ్ళీ ఆయన మీదికి ఎవర్నైనా ఉసిగొల్పుతావా. నువ్వు నరం తెగ్గోశాక ఆయన చెయ్యి సుద్దముక్క పట్టడం లేదు. చెంప మీది గాటు పెదవి కొస దాకా వచ్చింది, నీళ్ళు తాగితే ఓ పక్కనుంచి కారిపోతాయి. డ్రైవరంటే నీ మీదికి ఉరికాడు, సరే. మాస్టారు ఏం చేశాడు నిన్ను. ఆ ప్రశ్న సర్కారు ప్లీడరు కోర్టులో నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లూ నువ్వు నేల చూశావు. నేను నీ వీపు చూస్తూ కూర్చున్నాను.

అయినా ఆయనింటికి వెళ్ళాను. ప్లీడరమ్మే పంపింది. క్షమించానని రాసివ్వమని కాదు, మొత్తం ఎంతసేపట్లో జరిగిందో రాసివ్వమని. తలుపు తీసి కుర్చీ వేశాడు. బోర్డు మీద రాయలేడు కాబట్టి ఇప్పుడు పిల్లలకు నోటితోనే లెక్కలు చెప్తున్నాడు. వాళ్ళను వేరే గదిలోకి పంపి, మాట మాటకూ రుమాలుతో నోరు ఒత్తుకుంటూ, "ఎంతసేపు పట్టిందో నాకు తెలుసమ్మా, నేను లెక్కలవాణ్ణి. ముందు మీ తమ్ముణ్ణి అడగండి, గొలుసు మీ కుర్చీలో కూర్చుని ఏమన్నాడో. అతను చెప్పాక నా దగ్గరికి రండి" అన్నాడు. పంతానికి పోతున్నాడనిపించింది. ఆయన స్థానంలో ఉంటే నేనూ పోతాను.

ఇక్కడ నేను ఒకటే సాధన. అద్దం ముందు గిన్నెలో విరిచి పెట్టిన సగం బ్లేడ్లు, చేతిలో కత్తి, కళ్ళకు గుడ్డ. ఎడమ చేత్తో పాతది తీసి డబ్బాలో వేసి, కొత్తది ఎక్కించి, మూత మడవాలి. మొదటి రోజు ఇరవై సెకన్లు పట్టింది. ఇప్పుడు నాలుగు. బొటనవేలు మూడుచోట్ల తెగింది. నిన్న ప్లీడరమ్మ గడియారం పట్టుకుని చూస్తూ చూస్తూ, నెత్తురు నేల మీద పడగానే తూలి మన కుర్చీలోనే కూలబడింది. ఇన్నేళ్ళుగా హత్య కేసులు వాదించే మనిషి ఆమె.

నా ప్రమాణపత్రం తయారైంది. అందులో ఇలా రాయించాను: నా చేతిని నలగ్గొట్టిన మనిషిని ఎదురుగా చూసి నా తమ్ముడు ఒళ్ళు మరిచాడు, అక్క మీది ప్రేమతో చేశాడు, మధ్యలో బ్లేడు మార్చిన సంగతి వాడికే తెలియదు. నా చెయ్యి కోసమే కదా నువ్వు ఇదంతా నెత్తికెత్తుకున్నావు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు. ఏ తమ్ముడు చేస్తాడు ఈ రోజుల్లో.

అప్పీలు కాగితం జత చేశాను. గుర్తు పెట్టిన చోట సంతకం పెట్టి మరుటపాలో పంపు.

అక్క


మార్చి 20

అక్కా,

కాగితం సంతకం లేకుండానే వెనక్కి వస్తోంది. ఈ ఉత్తరం జైలు ఆఫీసులో చదివి ముద్ర కొట్టాకే నీకు చేరుతుంది. చదువుకోనీ.

నీ చేతి మీదికి షట్టరు లాగింది గొలుసుగాడు కాదు. నేను.

వాడు నెట్టినప్పుడు నువ్వు గడప అవతల బోర్లా పడ్డావు. డ్రైవరు చేతిలో ఇనపరాడ్డు ఉంది. అది చూడగానే లోపలికి వెనక్కి నడిచాను. నీ కోసం భయపడ్డానని రాయాలని ఉంది, కానీ కాదు. నా కోసమే భయపడ్డాను. నువ్వు బయట వాళ్ళ మధ్య ఉండగా, లోపలినుంచి కొక్కెం కడ్డీ పట్టుకుని నా బరువంతా వేసి లాగాను. నువ్వు లేవడానికి గడప మీద చెయ్యి వేసి ఉన్నావు. ముందు ఎండుపుల్లలు విరిగిన చప్పుడు, తరవాత నీ కేక. నేను కడ్డీ వదల్లేదు. వాళ్ళు వెళ్ళిపోయారని తెలిసేదాకా వదల్లేదు.

ఆసుపత్రిలో పోలీసులు అడిగితే నువ్వు గొలుసుగాడే లాగాడని చెప్పావు. పాపం చూడలేదు, అలాగే అనుకుంటోంది అని నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ అదే రాసిచ్చాను.

బెయిలు మీద వచ్చిన మర్నాడు వాడు వచ్చి కుర్చీలో కూర్చుని "గడ్డం గియ్యి" అన్నాడు. డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. పక్క కుర్చీలో మాస్టారికి అప్పటికే నురగ రాసి ఉంది. గొలుసుగాడికీ రాశాను. దవడ మీద కత్తి ఆనించాక వాడు నెమ్మదిగా అన్నాడు, "చెయ్యని పనికి నలభై రోజులు ఉండొచ్చాన్రా. షట్టరు లాగింది నువ్వు. నేను చూశాను, వీడూ చూశాడు. మీ అక్క రానీ, ఇక్కడే కూచుని ఆమెకు చెప్తా, తమ్ముడు నిన్ను మాకొదిలేసి తలుపేసుకున్నాడని."

చెవి కిందనుంచి గడ్డం దాకా లాగాను. చెంప తెరుచుకుని లోపలి పళ్ళు కనపడ్డాయి, నురగ గులాబీ రంగుకు తిరిగి జారిపోయింది. డ్రైవరు నా మీదికి ఉరికి నెత్తుట్లో జారి పడ్డాడు. వాడు లేచేలోపు బ్లేడు మార్చాను. అది చెయ్యే చేసింది అక్కా, నాకు తెలియనే తెలియదు. వాడి పొట్ట అడ్డంగా కోశాను. చొక్కా గుండీలు తెగినట్టు విచ్చుకుంది. రెండు చేతుల్తో లోపలివి అదిమి పట్టుకుని గోడకు జారబడ్డాడు.

అప్పుడు అద్దంలో మాస్టారు కనపడ్డాడు. నురగ మొహంతో లేచి నిలబడి, "నేనెవరికీ చెప్పను బాబూ" అన్నాడు. ఆ మాటతో తెలిసింది ఆయన అంతా విన్నాడని. అప్పుడు బ్లేడు మార్చాను. ఈసారి మార్చింది చెయ్యి కాదు, నేను. పాతది డబ్బాలో పడిన చప్పుడు కూడా విన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు మణికట్టు తెగింది, తరవాత చెంప. గొంతు మీదికి వెళ్ళేవాణ్ణే, బయటినుంచి ఎవరో వచ్చి నన్ను పడదోశారు.

నీకు తెలియకూడదని ముగ్గుర్ని కోశాను. ప్రేమ అని రాయించకు. అలవాటని ప్రమాణం చేయకు. ఆ పదహారూ నావే.

కింద ఏమని రాయాలో తెలియక వదిలేస్తున్నాను.


మార్చి 29

ఒరేయ్ చిన్నోడా,

నాకు తెలుసు.

షట్టరు పూర్తిగా దిగలేదు, నా వేళ్ళే అడ్డం పడ్డాయి. గడపకూ షట్టరుకూ మధ్య నా వేళ్ళంత సందు మిగిలింది. బోర్లా పడి ఉన్నాను కదా, నా కళ్ళు ఆ సందుకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. లోపల నీ నీలం చెప్పులు కనపడ్డాయి. మునివేళ్ళ మీద నిలబడి ఉన్నావు, బరువంతా కడ్డీ మీద వేసి. ఆ క్షణంనుంచీ తెలుసు.

పోలీసులకు ఎందుకు చెప్పలేదంటే, నిజం బయటపడితే నువ్వు బతకవని. నాకు తెలుసునని నీకు తెలిసినా బతకవని. మూడు వేళ్ళే కదా, పోతే పోనీ అనుకున్నాను. గొలుసుగాడు ఎలాగూ దుర్మార్గుడే, ఒక అబద్ధం వాడి ఖాతాలో ఎక్కువైతే ఏం పోయిందనుకున్నాను. వాడు చెయ్యని పనికి నలభై రోజులు ఉండి, ఆ అబద్ధం సంగతి నిలదీయడానికే వచ్చి కూర్చున్నాడని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నువ్వేమో నాకు ముందే తెలిసిన సంగతి నాకు తెలియకుండా ఉండాలని ముగ్గుర్ని నరికావు.

ఉత్తరం మడిచి, ఊడిపోయిన ఆ కాళ్ళపీట తీసుకుని మిగిలిన ఒక్క అద్దాన్నీ పగలగొట్టాను. గొలుసుగాడి మనుషులు సగంలో వదిలేసిన పని నేను పూర్తి చేశాను. నువ్వు ఎదురుగా ఉంటే నీ మొహమే పగిలేది. నన్ను వాళ్ళ మధ్య వదిలేసినందుకు కాదురా, దాన్ని నేను ఎప్పుడో దిగమింగాను. "ఎవరికీ చెప్పను బాబూ" అన్న మనిషి ముందు నిలబడి బ్లేడు మార్చినందుకు. అది దిగమింగడం నా వల్ల కావడం లేదు.

మాస్టారింటికి మళ్ళీ వెళ్ళి అన్నీ చెప్పాను. ఆయన తలూపి, "ఇరవై మూడు సెకన్లు. మొదటి గాటుకూ నా చెంపకూ మధ్య. గోడ గడియారం అద్దంలో వెనక్కి తిరుగుతూ కనపడింది, చూపు దాని మీదే పెట్టుకున్నాను. అది రాసిస్తాను. క్షమించానని మాత్రం రాయను" అన్నాడు. రాయక్కర్లేదన్నాను.

ప్లీడరమ్మకు నీ ఉత్తరం చూపించాను. చదివి లేచి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. "అలవాటు అనే మాట సగం పోయింది. పోనీయండి. మూడింటినీ కలిపే కారణం కనపడలేదన్నాడు కింది జడ్జి. ఇప్పుడు కనపడుతోంది. ఒకే రహస్యం, తెలిసినవాళ్ళు ముగ్గురు, ఇరవై మూడు సెకన్లు. ఇంతకంటే ఒక్క ఊపు ఏముంటుంది? పై కోర్టు ఒప్పుకుంటుందని హామీ ఇవ్వలేను" అంది. తరవాత నా వైపు చూసి, "దానికి సాక్ష్యం మీరే. షట్టరు నిజం మీరు చెప్పాలి. చెప్తే మీ పాత ఫిర్యాదు అబద్ధమని తేలుతుంది, మిమ్మల్నీ లోపలేస్తారు" అంది.

వెయ్యనీ అన్నాను. పాత ప్రమాణపత్రం చింపేసి కొత్తది రాయించాను. ప్రేమ అనే మాట తీయించాను.

కాగితం మళ్ళీ పంపుతున్నాను.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

నీకు తెలుసు.

నలభై రోజులు నా ఎదురుగా కూర్చుని ఆ వేళ్ళను వేడినీళ్ళలో పెట్టుకున్నావు. గిన్నె పట్టుకున్నది నేను. నొప్పికి పళ్ళు బిగించి నా మొహంలోకి చూసి నవ్వేదానివి. తెలియదు కాబట్టి నవ్వుతోందనుకున్నాను.

ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ రోజు వాడు బెదిరించినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. గడ్డం గీసి, మొహం తుడిచి పంపేవాణ్ణి. నీ మంచితనం ముగ్గురికి మొహమూ పొట్టా చెయ్యీ లేకుండా చేసింది అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాను. అది అన్యాయమైన మాటని తెలుసు. కానీ నాలుగు రోజులుగా అదే తిరుగుతోంది తలలో, ఇంకెవరితో చెప్పుకోను.

సంతకం పెట్టాను. ఒక్క షరతు మీద. మొదటిసారి బ్లేడు మార్చింది చెయ్యి, రెండోసారి మార్చింది నేను అని అందులో ఉన్నది ఉన్నట్టు ఉండాలి. మీ ప్లీడరమ్మ దాన్ని మెత్తగా చేయాలని చూస్తే కాగితం వెనక్కి లాక్కుంటాను. నిన్ను లోపలికి రావద్దని బతిమాలాలని కూర్చున్నాను, ఎలా రాసినా అది మళ్ళీ అబద్ధం చెప్పమని అడగడమే అవుతోంది.

తాళంకప్ప వాడు నిన్న స్నానాల దగ్గర నన్ను పట్టుకున్నాడు. ఇద్దరు కాళ్ళ మీద కూర్చుంటే వాడు నా చూపుడువేలు వెనక్కి వంచి విరిచాడు. కేక పెట్టలేదు. నువ్వు ఆ రోజు ఎంత గట్టిగా అరిచావో గుర్తుచేసుకున్నాను.

నెలకు రెండో కాగితం ఎవరికి రాయాలో తేలింది. మాస్టారికి రాశాను. క్షమించమని అడగలేదు, ఆయన ఇవ్వనన్నాడు కదా. ఆ చెయ్యి ఎలా ఉందని మాత్రం అడిగాను.

నీ తమ్ముడు


జూలై 16

చిన్నోడా,

ఇదీ జైలు కాగితమే, చూశావుగా ముద్ర. ఆడవాళ్ళ వైపు కూడా నెలకు రెండే.

పై కోర్టు మాట ప్లీడరమ్మ నీకు తెలిపే ఉంటుంది, అయినా నా నోటితో చెప్తాను. ఏడూ అయిదూ కలిసి నడుస్తాయి. మాస్టారి నాలుగూ విడిగా, వాటి తరవాత. మొత్తం పదకొండు. "మొదటి ఇద్దరి విషయంలో ఒక్క ఊపు అన్న వాదన ఒప్పుకుంటున్నాం. మూడో మనిషి దగ్గర తాను తెలిసే చేశానని దోషే చెప్పుకున్నాడు. ఆ మాటను మేమెందుకు కాదనాలి?" అంది పెద్ద జడ్జి. ప్లీడరమ్మ దిగాలుపడింది. ఆ ఒక్క ముక్క రాయకుండా ఉంటే ఏడుతో పోయేదట. ఆ నాలుగూ మాస్టారివి, ఆయన దగ్గర్నుంచి మనం లాక్కోకూడదు.

నన్ను బోనెక్కించి షట్టరు ఎవరు లాగారని అడిగారు. చెప్పాను. గొలుసుగాడు ముందు వరసలోనే ఉన్నాడు. దవడ ఒక పక్కకు జారిపోయింది, మాట ముద్దగా వస్తోంది. వాడి వైపు తిరిగి, "నువ్వు లాగలేదు, నేను అబద్ధం రాశాను" అన్నాను. వాడు జేబుగుడ్డతో నోరు తుడుచుకున్నాడు. వాడి మీద జాలి కలగలేదు. కళ్ళు మాత్రం నేనే దించుకున్నాను.

తప్పుడు ఫిర్యాదుకు నాకు మూడు నెలలు. వచ్చిన రోజే నీళ్ళ వరసలో ఒకావిడ నా అవిటిచేతిని చూసి వెక్కిరించి పక్కకు నెట్టింది. ఇనపచెంబుతో నుదుటి మీద ఒక్కటిచ్చాను, మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు ఆవిడే నాకు జడ వేస్తోంది. మన ఇంటి రక్తమే అంత కాబోలు.

లోపలికి వచ్చే ముందురోజు పొద్దున దుకాణం సర్దుతుంటే మాస్టారు వచ్చాడు. అద్దాల్లేని గోడ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. "గాటు పక్కన ఎవరూ సరిగ్గా గీయడం లేదమ్మా" అన్నాడు. ఎడమ చేత్తో నురగ రాశాను. కొత్త సగం ఎక్కించి, చెంప మీది ఆ గట్టు పక్కనుంచి మెల్లగా దించుకుంటూ వచ్చాను. ఆయన కళ్ళు మూసుకోలేదు, నా చేతినే చూస్తూ ఉన్నాడు. ఎక్కడా తెగలేదు. లేచి మొహం తుడుచుకుంటూ, "మీ తమ్ముడి ఉత్తరం అందింది. చదివాను" అన్నాడు. 

ఆయన వెళ్ళాక కత్తి కడిగి, డబ్బా ఖాళీ చేసి, బయటికొచ్చి షట్టరు కడ్డీ పట్టుకున్నాను. లాగబోయి, "చేతులు తీయండి" అన్నాను, గట్టిగానే. మాస్టారు అప్పటికే వీధి మలుపు తిరిగాడు. లోపలా బయటా ఎవరూ లేరు. అయినా వంగి గడప పొడుగునా ఒకసారి చూసుకుని, అప్పుడు దించాను.

అక్క